ఐసీయూలో సెప్సిస్ ఎంతమందికి ఉంటుంది? 22, 28, 56 శాతాల్లో దేన్ని పట్టుకోవాలి?

ప్రశ్న అడిగింది చెన్నైలో జనరల్ మెడిసిన్ ఎం.డి. చేస్తున్న తెలుగు డాక్టరు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) గురించి వారి సందేహం క్లుప్తంగా ఇది: "మా ఐసీయూలో సెప్సిస్ ఎంతమందికి వస్తోందో లెక్క తీసి తీసిస్ రాద్దామనుకుంటున్నాను. పాత పేపర్లు తిరగేస్తే ఒకదాంట్లో 22 శాతం, ఇంకోదాంట్లో 28, మరోదాంట్లో 56 ఉంది. ఏది నిజం? శాంపిల్ సైజుకి దేన్ని తీసుకోవాలి? గైడ్ గారేమో ఒకరోజు రౌండ్స్‌లో బెడ్ బెడ్‌కీ వెళ్ళి లెక్కపెట్టేస్తే చాలంటున్నారు."

ముందు సూటిగా చెప్పేస్తాను. మూడూ నిజమే, మూడు వేర్వేరు లెక్కలు కాబట్టి. మీరు చేసేది ఒక్క ఐసీయూలో కనుక ఒకరోజు లెక్క వద్దు. కొన్ని నెలలపాటు వరసగా అడ్మిట్ అయిన ప్రతి పేషెంట్‌నూ తీసుకోండి. 2016లో వచ్చిన సెప్సిస్-3 నిర్వచనం వాడండి. "ఈ మనిషికి ఇన్ఫెక్షన్ ఉంది" అని దేన్ని బట్టి ఒప్పుకుంటారో మొదటి కేస్ షీట్ తెరవక ముందే రాసి పెట్టుకోండి. శాంపిల్ సుమారు 400. ఇక కారణాలు.

నేను ఇక్కడే చెన్నైలో క్రిటికల్ కేర్‌లో పనిచేస్తున్నాను. మా యూనిట్ డేటా చూసుకునే పని చాలాకాలంగా నా నెత్తిమీదే ఉంది. పీజీల మాస్టర్ చార్టులు (పేషెంట్ల డేటా పట్టికలు) కూడా చివరికి నా బల్ల మీదికే వస్తుంటాయి. కాబట్టి పుస్తకంలో ఉన్నదానికంటే చార్టుల్లో ఎక్కడ తేడా కొడుతుందో దాని గురించే ఎక్కువ చెబుతాను.

మీకు దొరికిన అంకెల సంగతి చూద్దాం. 28 శాతం మన క్రిటికల్ కేర్ సొసైటీవాళ్ళ ఇండిక్యాప్స్ స్టడీది. 2010, 2011లలో నాలుగు రోజులు ఎంచుకుని, దేశంలోని 120కి పైగా ఐసీయూల్లో ఆ రోజు ఉన్నవాళ్ళను లెక్కపెట్టారు. అందులో లెక్కేసింది పాత నిర్వచనం ప్రకారం తీవ్ర సెప్సిస్, సెప్టిక్ షాక్ (సెప్సిస్‌తో బీపీ పడిపోయే దశ) ఉన్నవాళ్ళను మాత్రమే. 22 శాతం 2019లో 22 ఆసియా దేశాల్లోని 386 ఐసీయూలను కలిపి చేసిన మొజాయిక్స్-2 స్టడీది. అందులో డబ్బున్న దేశాలూ ఉన్నాయి, లేని దేశాలూ ఉన్నాయి. 56 శాతం 2022లో వచ్చిన మన దేశపు రిజిస్ట్రీ స్టడీది. 35 ఐసీయూలు, 680 మంది. ఆ పేపర్‌లో మీరు చూడాల్సింది 56 పక్కనే ఉన్న ఇంకో అంకె. అదే మనుషులను, అదే రోజుల్లో, పాత సెప్సిస్-2 నిర్వచనంతో (కింద చెప్పే సిర్స్ పద్ధతి) కొలిస్తే 33 శాతమే వచ్చింది. పేషెంట్లు మారలేదు, ఐసీయూలు మారలేదు, కొలబద్ద ఒక్కటే మారింది.

ఇంకో మాట. ఎపిక్-3 అని 2017 సెప్టెంబర్ 13న 88 దేశాల్లో ఒకేరోజు చేసిన పెద్ద స్టడీ ఉంది. అందులోని 54 శాతాన్ని చాలామంది పీజీలు సెప్సిస్ కింద రాసేస్తుంటారు. అది ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళ శాతం, సెప్సిస్ శాతం కాదు. వైవాలో ఎగ్జామినర్ దీన్ని పట్టుకుంటే తప్పించుకోవడం కష్టం.

గైడ్ గారు చెప్పిన ఒకరోజు లెక్క ఎందుకు వద్దంటే

దేశం మొత్తం మీద ఎన్ని బెడ్లు, ఎంతమంది నర్సులు కావాలో తేల్చడానికి ఒకరోజు లెక్క బాగా పనికొస్తుంది. మీ ప్రశ్న అది కాదు. "మా ఐసీయూకి వచ్చేవాళ్ళలో ఎంతమందికి సెప్సిస్" అన్నది మీ ప్రశ్న.

వందమంది అడ్మిట్ అయ్యారనుకోండి. 20 మందికి సెప్సిస్, 80 మందికి లేదు. సెప్సిస్ వాళ్ళు సగటున 10 రోజులు ఉంటారు. మిగతావాళ్ళు, అంటే ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రాత్రులు చూసి వార్డుకి పంపేసేవాళ్ళు, షుగర్ పెరిగి వచ్చి సర్దుకున్నవాళ్ళు, సగటున 3 రోజులు. సెప్సిస్ వాళ్ళు వాడుకున్న బెడ్-రోజులు 200, మిగతావాళ్ళవి 240. ఏదో ఒకరోజు పొద్దున రౌండ్స్‌కి వెళ్ళి లెక్కపెడితే మీకు కనిపించేది 440లో 200, అంటే 45 శాతం. అడ్మిషన్ల లెక్కలో ఉన్నది 20 శాతమే. ఎక్కువ రోజులు పడుకున్నవాళ్ళు మీ కంట్లో ఎక్కువ పడతారు, అంతే. గైడ్ గారితో వాదన పెట్టుకోకుండా ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద వేసి చూపించండి.

పైగా మీది 16 బెడ్ల ఐసీయూ అనుకుంటే ఒకరోజుకి 16 మందే వస్తారు. 400 కావాలంటే పాతిక సార్లు లెక్కపెట్టాలి. వెంటిలేటర్ మీద నెలపాటు ఉన్న పెద్దాయన ప్రతిసారీ మీ చార్టులోకి ఎక్కుతూనే ఉంటాడు.

నిర్వచనం

1991లో పెట్టిన పాత పద్ధతిలో ఇన్ఫెక్షన్‌తో పాటు సిర్స్ (ఒంటి మొత్తం ప్రతిస్పందన) లక్షణాలు రెండు ఉంటే సెప్సిస్ అనేవారు: జ్వరం 38 డిగ్రీలు దాటడమో 36 కంటే తగ్గడమో, గుండె వేగం 90 దాటడం, శ్వాస 20 దాటడం, తెల్ల కణాలు 12,000 పైన లేదా 4,000 కింద. ఐసీయూలో ఈ నాలుగింట్లో రెండు లేని మనిషిని వెతికి పట్టుకోవాలి. ఆపరేషన్ నొప్పికి కూడా గుండె 100 కొట్టుకుంటుంది. అట్లాగని ఇది అందరినీ పట్టుకుంటుందా అంటే అదీ లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల డేటాతో 2015లో వచ్చిన పేపర్ ప్రకారం, ఇన్ఫెక్షన్ ఉండి అవయవాలు దెబ్బతిన్నవాళ్ళలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి సిర్స్ లక్షణాలు రెండు కూడా లేవు. బీటా బ్లాకర్ వేసుకునే ముసలివాళ్ళకి గుండె వేగం అంతగా పెరగదు, చాలాసార్లు జ్వరమూ రాదు. మనం రోజూ చూసేదే.

2016లో వచ్చిన సెప్సిస్-3 ప్రకారం ఇన్ఫెక్షన్ వల్ల సోఫా స్కోరు (ఏ అవయవం ఎంత దెబ్బతిందో చెప్పే స్కోరు) 2 లేదా అంతకంటే ఎక్కువ పెరగాలి. సెప్టిక్ షాక్ అనాలంటే, తగినంత ఫ్లూయిడ్ ఇచ్చాక కూడా మీన్ బీపీ 65 నిలబెట్టడానికి నోరాడ్ లాంటి బీపీ పెంచే మందు కావాలి, రక్తంలో ల్యాక్టేట్ 2 దాటి ఉండాలి. ల్యాక్టేట్ చేయని ఐసీయూలో షాక్‌ని ఈ నిర్వచనంతో లెక్కపెట్టలేరు. మీ దగ్గర ఏబీజీ (రక్తంలో వాయువులు కొలిచే) మెషిన్‌లో ల్యాక్టేట్ వస్తుందో లేదో సినాప్సిస్ (తీసిస్ ప్రతిపాదన) రాయకముందే కనుక్కోండి. క్యూసోఫా (సోఫాకి క్లుప్త రూపం) జోలికి పోకండి, అది ఐసీయూ బయట వాడటానికి పెట్టింది.

సెప్సిస్-3 ఒక్కటే ప్రధాన లెక్కగా పెట్టుకుని, సిర్స్ కాలమ్స్ కూడా నింపుకుంటే రెండో అంకె ఉచితంగా వస్తుంది. చర్చ రాసేటప్పుడు ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీకు ఎక్కువ సరుకు ఇస్తుంది.

సోఫాలో ఎక్కువగా తేడా కొట్టేది: బేస్‌లైన్ (ఈ జబ్బుకి ముందున్న స్కోరు)

"పెరగాలి" అన్న మాటను అందరూ మర్చిపోతారు. డయాలసిస్ మీద ఉన్న మనిషి క్రియాటినిన్ మామూలుగానే 6 ఉంటుంది. కిడ్నీ కాలమ్‌లో 4 పాయింట్లు ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. బేస్‌లైన్ సున్నా అని వేసేస్తే ఆయనకి చిన్న యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినా సెప్సిస్ ఖాతాలో పడతాడు. లివర్ సిరోసిస్‌లో బిలిరుబిన్ దగ్గర, ప్లేట్‌లెట్స్ దగ్గర ఇదే గొడవ. పాత రిపోర్టులు ఉంటే అవి చూసి బేస్‌లైన్ వేయండి. జబ్బు చరిత్రేమీ లేకపోతేనే సున్నా అనుకోండి.

మత్తు మందు ఇచ్చి వెంటిలేటర్ మీద పెట్టిన పేషెంట్‌కి జీసీఎస్ (స్పృహ స్కోరు) 3 అని నింపిన చార్టులు బోలెడు చూశాను. ఒక్క దెబ్బకి 4 పాయింట్లు. ట్యూబ్ వేయకముందు ఎంత ఉందో అది రాయాలి. డ్యూటీ డాక్టరు నోట్స్‌లో వెతికితే సాధారణంగా దొరుకుతుంది.

డెంగీ గురించి ముందే ఒక నిర్ణయం తీసుకోండి. ప్లేట్‌లెట్స్ 40,000 ఉంటే సోఫాలో అదొక్కటే 3 పాయింట్లు. డెంగీ ఇన్ఫెక్షనే కాబట్టి నిర్వచనం ప్రకారం అది సెప్సిస్ అవుతుంది. మనం రౌండ్స్‌లో అలా అనం. నా సలహా అడిగితే చేర్చండి, కానీ వైరల్ కేసులను వేరే వరసలో చూపించండి. తీసేస్తే ఈశాన్య రుతుపవనాల నెలల్లో మీ లెక్క కుంటుపడుతుంది. చెప్పకుండా కలిపేస్తే చదివేవాళ్ళు అదంతా బ్యాక్టీరియా అనుకుని మోసపోతారు.

అసలు కష్టం ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చడంలో ఉంది

సోఫా అంతా అంకెలే. ఓపిక ఉంటే ఎవరైనా నింపుతారు. ఇన్ఫెక్షన్ అట్లా కాదు, అక్కడ నిర్ణయం మనిషి చేతిలో ఉంటుంది.

యాంటీబయాటిక్ ఇచ్చారు కాబట్టి ఇన్ఫెక్షన్ ఉందనుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఎపిక్-3లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళు 54 శాతం, యాంటీబయాటిక్ మీద ఉన్నవాళ్ళు 70 శాతం. మన దగ్గర ఐసీయూ గడప దాటి లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి మొదలైపోతుంది. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) కేసుని గుర్తు చేసుకోండి. జ్వరం, గుండె వేగం, తెల్ల కణాలు, కిడ్నీ దెబ్బ, అన్నీ ఉంటాయి, మొదటి వారంలో చాలామందికి ఇన్ఫెక్షన్ ఉండదు. అయినా మెరోపెనెం అనే యాంటీబయాటిక్ నడుస్తూ ఉంటుంది.

పోనీ కల్చర్ (రక్తం, యూరిన్ వంటివాటిలో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) పాజిటివ్ అయితేనే లెక్కలోకి తీసుకుందామా అంటే, అది ఇంకా పెద్ద గొయ్యి. నెల్లూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒకావిడ కేసు చెబుతాను. వారం రోజులుగా జ్వరం, చివరికి ఆయాసం, బీపీ పడిపోయి నోరాడ్ మీద ఉంది. బ్లడ్ కల్చర్ స్టెరైల్ (ఏమీ పెరగలేదు), యూరిన్ స్టెరైల్. ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లగా ఉంది. రాత్రి డ్యూటీ సిస్టర్ స్పాంజింగ్ చేస్తూ రొమ్ము కింది మడతలో సిగరెట్‌తో కాల్చినట్టున్న నల్లటి మచ్చ చూసి పిలిచింది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆవిడ ఎవరికీ చెప్పలేదు. స్క్రబ్ టైఫస్ (చిన్న నల్లి లాంటి పురుగు కుట్టి వచ్చే జ్వరం). డాక్సీసైక్లిన్ పడ్డాక కోలుకుంది. స్క్రబ్ టైఫస్, లెప్టో, మలేరియా, డెంగీ, వీటిలో ఏదీ మామూలు బ్లడ్ కల్చర్‌లో దొరకదు. కల్చర్ ఒక్కదాన్నే నమ్మే పద్ధతిని పైదేశాల పేపర్ల నుంచి తెచ్చి ఇక్కడ పెడితే, మన ఊళ్ళ జ్వరాలన్నీ జల్లెడలోంచి జారిపోతాయి.

నేను పీజీలకు చెప్పే పద్ధతి ఇది. ఇన్ఫెక్షన్‌ని నాలుగు మెట్లుగా పెట్టండి: ఖాయం, బహుశా, అనుమానం, లేదు. ఖాయం అంటే కల్చర్ గానీ, సీరాలజీ (యాంటీబాడీ పరీక్ష) గానీ, ఆపరేషన్‌లో కళ్ళారా చూసిన చీము గానీ ఉండాలి. బహుశా అంటే లక్షణాలు, ఎక్స్‌రే లేదా సీటీ సరిపోవాలి, వేరే కారణం కనిపించకూడదు. సూక్ష్మజీవి దొరక్కపోయినా పరవాలేదు. అనుమానం అంటే యాంటీబయాటిక్ ఇచ్చారు కానీ ఎందుకో నోట్స్‌లో తేలడం లేదు. మొదటి రెండింటినీ ప్రధాన లెక్కలోకి తీసుకోండి. మూడోదాన్ని కలిపితే ఎంత వస్తుందో పక్కన చూపించండి. ప్రొకాల్సిటోనిన్ అనే రక్తపరీక్షని తీర్పు చెప్పేదిగా పెట్టకండి.

ఇద్దరు విడివిడిగా నిర్ణయించాలి. మీరొకరు, ఇంకో కన్సల్టెంట్ ఒకరు, ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా. అన్ని కేసులకీ కుదరకపోతే కనీసం ఒక 50 కేసులకి చేసి కప్పా (ఇద్దరి నిర్ణయాలు ఎంత కలిశాయో చెప్పే అంకె) వేయండి. ఎక్కడ కలవలేదో అక్కడ మూడో మనిషి. ఈ ఒక్క పని చేసిన తీసిస్‌ని నేను మిగతావాటికంటే సీరియస్‌గా చదువుతాను.

ఏ రోజు మొదలైందో కూడా కావాలి. 2016లో సెప్సిస్-3తో పాటు వాడిన సూత్రమే పెట్టుకోండి. కల్చర్ ముందు పంపితే 72 గంటల్లోపు యాంటీబయాటిక్ పడి ఉండాలి. యాంటీబయాటిక్ ముందు పడితే 24 గంటల్లోపు కల్చర్ వెళ్ళి ఉండాలి. వాటిలో ముందు జరిగింది మీ సున్నా గంట. దానికి 48 గంటల ముందు నుంచి 24 గంటల తర్వాత వరకు సోఫా చూడండి. ఐసీయూకి వచ్చిన 48 గంటల తర్వాత మొదలైన ఇన్ఫెక్షన్‌ని వేరుగా రాయండి. బయటి నుంచి తెచ్చుకున్నదీ మన వెంటిలేటర్, మన సెంట్రల్ లైన్ వల్ల వచ్చిందీ ఒకే గంపలో వేస్తే ఆ అంకెతో ఎవరికీ ఉపయోగం ఉండదు.

రెఫరల్ కేసులు, మీకున్న ఒక అనుకూలం

చెన్నై పెద్దాస్పత్రులకి నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ళు మన గుమ్మంలోకి వచ్చేసరికే రెండు మూడు చోట్ల వైద్యం అయిపోయి ఉంటుంది. పాలిథిన్ కవర్‌లో ఎక్స్‌రేలు, సగం చిరిగిన ల్యాబ్ కాగితాలు, "యాంటీబయాటిక్స్ ఇవ్వబడినవి" అని ఒక్క ముక్క రాసిన రెఫరల్ లెటర్. ఏ మందు, ఎన్ని డోసులు, ఎప్పటి నుంచి, ఏమీ ఉండదు. అప్పటికే మందు పడింది కాబట్టి మన దగ్గర తీసిన కల్చర్ స్టెరైల్ వస్తుంది.

డ్యూటీలో ఉన్నవాళ్ళకి తమిళం, ఇంగ్లీషు వస్తాయి. బయట బెంచీ మీద కూర్చున్న కొడుక్కి తెలుగు తప్ప రాదు. కేస్ షీట్‌లో "ఫీవర్ 5 డేస్" అని ఒక వాక్యం పడి ఊరుకుంటుంది. మీరు వెళ్ళి తెలుగులో అడగండి. "యాంటీబయాటిక్ ఇచ్చారా" అని అడిగితే తెలీదంటారు. "ముందు ఎక్కడ చూపించారు, ఆర్‌ఎంపీ దగ్గరా? సూది వేశాడా, సెలైన్ ఎక్కించాడా, ఎన్ని రోజులు? మందుల చీటీ, ఖాళీ స్ట్రిప్పులు ఏమన్నా ఉన్నాయా?" అని అడగండి. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ చీటీ తీసి ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుని ఉంటారు. "ముందే యాంటీబయాటిక్ పడిందా: అవును, కాదు, తెలియదు" అనే కాలమ్ తప్పకుండా పెట్టండి. కల్చర్ నెగెటివ్ కేసులు ఎందుకన్ని ఉన్నాయో దానితోనే అర్థమవుతుంది.

రెఫరల్ కేసుల శాతం కూడా రాయండి. మాకు వచ్చేవాళ్ళలో బయట తగ్గక చివరికి వచ్చినవాళ్ళే ఎక్కువ కాబట్టి సెప్సిస్ శాతం పెరిగి కనిపిస్తుంది. కార్డియాక్ సర్జరీ ఐసీయూలో అదే లెక్క తీస్తే ఎక్కడో అడుగున ఉంటుంది. మీ అంకెను ఇంకో ఆస్పత్రి అంకెతో పోల్చే ముందు ఈ తేడా చూసుకోవాలి.

రికార్డ్ రూమ్ నుంచి తీయొచ్చా

తీయొచ్చు, కానీ "సెప్సిస్" అని వెతికి తీయకండి. డిశ్చార్జ్ సమ్మరీలో న్యుమోనియా అని ఉంటుంది, పైలోనెఫ్రైటిస్ (కిడ్నీ ఇన్ఫెక్షన్) అని ఉంటుంది, డెత్ సమ్మరీలో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని ఉంటుంది. సెప్సిస్ మాట ఎక్కడా ఉండదు. ఐసీయూ అడ్మిషన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని వరసగా ప్రతి పేరూ తీసి మీరే సోఫా వేయాలి. కుదిరితే ముందుకు సాగే స్టడీయే చేయండి, ఇంటివాళ్ళతో మాట్లాడే అవకాశం అందులోనే ఉంది.

ఎన్ని నెలలు అంటే, కుదిరితే ఏడాది. ఆరు నెలలే ఉంటే అక్టోబర్-డిసెంబర్ వానలు ఆ ఆరు నెలల్లో పడ్డాయో లేదో స్పష్టంగా రాయండి. వానాకాలపు ఐసీయూ వేరు, ఏప్రిల్ ఐసీయూ వేరు.

శాంపిల్ సైజు తొందరగా చెప్పేస్తాను. మన తీసిస్‌లలో వాడే 4పీక్యూ బై ఎల్ స్క్వేర్‌లో (పీ అంచనా శాతం, క్యూ అంటే వందలోంచి పీ తీసేస్తే మిగిలేది, ఎల్ ఒప్పుకునే తేడా) ఎల్ 5 అని పెడితే, 22 శాతానికి 275, 28 శాతానికి 323, 56 శాతానికి 395 వస్తాయి. ఏ పేపర్ పట్టుకోవాలన్న గొడవే అక్కర్లేదు. 50 శాతం అనుకుంటే 400. అంతకంటే ఎక్కువ ఏ శాతానికీ రాదు. చిరిగిన షీట్లు, సగం డేటా ఉన్నవాళ్ళ కోసం ఇంకో 40 కలుపుకోండి. అదే మనిషి మళ్ళీ అడ్మిట్ అయితే మొదటిసారి మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

చివరిగా, శాతంతో పాటు ఎంతమంది పోయారో కూడా రాస్తానంటే ఒక జాగ్రత్త. బిల్లు భరించలేక సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళిపోయేవాళ్ళు మన దగ్గర తక్కువేమీ కాదు. నోరాడ్ మీద ఉన్న మనిషిని అంబులెన్స్‌లో ఊరికి తీసుకెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు, కానీ రికార్డులో ఆయన "బతికి వెళ్ళాడు". వాళ్ళను బతికినవాళ్ళలో కలపకుండా విడిగా ఒక వరస పెట్టి, 30వ రోజున ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ చేస్తామన్న సంగతి కన్సెంట్ ఫారంలో తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి, ఎథిక్స్ కమిటీకి పంపే ప్రోటోకాల్‌లోనూ ఉండాలి. తర్వాత చేర్చాలంటే మళ్ళీ అమెండ్‌మెంట్ పెట్టాలి, దానికే రెండు మూడు నెలలు పోతాయి.